తప్పు డీఎన్ఏది కాదు, బుడగలది

హెయిర్‌పిన్ అంటే తన మీద తానే మడత పడిన చిన్న డీఎన్ఏ పోగు. ఆ మడత మైక్రోసెకన్లలో పడుతుంది; ఇక్కడ చేత్తో కలిపి చూడటం కుదరదు. అందుకే సుమారు 1.9 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తో నీటినే ఒక్క దెబ్బకు వేడెక్కిస్తాం. పది నానోసెకన్ల పల్స్, పది పదిహేను డిగ్రీల పెరుగుదల. ఆ వేడికి కొన్ని మడతలు విప్పుకుంటాయి; అది ఎంత వేగంగా జరిగిందో డీఎన్ఏకి గుర్తుగా పెట్టిన అణువు వెలుగులో చూస్తాం.

మూడు వారాలు నా గ్రాఫ్‌లో పిచ్చి గీతలే. ఒక షాట్‌లో ముల్లులా పైకి లేస్తుంది, తర్వాతి షాట్‌లో దబ్బున పడిపోతుంది. సీక్వెన్సే తప్పనుకుని కొత్తది ఆర్డర్ చేశాను (డబ్బు దండగ). అప్పుడు మా సీనియర్ ఒకే మాట అడిగారు: "డీఎన్ఏ లేకుండా చూశావా?"

చూడలేదు. ఉత్త 2-అమైనోప్యూరిన్ (వెలుగునిచ్చే ఆ గుర్తు అణువు; వేడెక్కితే దాని వెలుగు తగ్గుతుంది) ద్రావణం పెట్టాను. దానికి మడత లేదు కాబట్టి వెలుగు ఒక్క మెట్టు దిగి కాసేపు అక్కడే నిలవాలి. అందులోనూ అవే ముళ్లు! అంటే నీటిలో కరిగిన గాలి, కంటికి కనపడని దుమ్ము కలిసి వేడికి బుడగలు కడుతున్నాయన్నమాట.

బఫర్‌ని (డీఎన్ఏను కరిగించే ద్రావణాన్ని) 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, వాక్యూమ్‌లో గాలి తీసేశాను. ద్రావణం పోసే చిన్న పాత్రను (సెల్‌ని) మళ్లీ కడిగాను. పెరుగుదలను ఎనిమిది డిగ్రీలకు తగ్గించాను. మెట్టు చదునుగా వచ్చింది.

ఆ తర్వాత పెట్టిన హెయిర్‌పిన్ సుమారు 20 మైక్రోసెకన్ల చక్కటి వంపు ఇచ్చింది. అదే మడత పడే సమయమని రాసేయబోయి ఆగాను: ఆ వేగంలో మడతపడటం, విప్పుకోవడం రెండూ కలిసే ఉంటాయి. కరిగే ఉష్ణోగ్రత (సగం హెయిర్‌పిన్‌లు విప్పుకుని ఉండే వేడి) దగ్గర రెండింటి వేగాలూ సమానం, కాబట్టి మడతకు 40 మైక్రోసెకన్లు.