సొంత వర్గాల వారీ మొత్తాలు తప్పుతున్నప్పుడు: ఎస్‌క్యూఎల్‌లో సమస్య - పరిష్కారం

డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో గ్రూప్ బై, సమ్, కౌంట్ వాడటం, కేస్ రాసి వరుసలను మనకు కావలసిన వర్గాల కిందికి తేవడం చదివేవారికి తెలుసుననే భావనతో ఇది రాస్తున్నాను. క్వెరీ నడుస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు, కానీ అంకెలు పొసగవు. అటువంటప్పుడు ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం.

ముందు రెండు అంకెలు రాసిపెట్టుకోండి

కేస్‌ను తిరగరాయడం మొదలుపెట్టే ముందు, జాయిన్ (రెండు టేబుల్‌లను కలపడం), కేస్, గ్రూప్ బై ఏవీ లేకుండా, వేర్ షరతులను మాత్రం యథాతథంగా ఉంచి, అసలు టేబుల్ నుంచి మొత్తం ఎంతో, వరుసలు ఎన్నో తీసి పక్కన పెట్టుకోండి. వర్గాల వారీ మొత్తాలన్నీ కూడితే మొదటి అంకె, వర్గాల వారీ కౌంట్లన్నీ కూడితే రెండో అంకె రావాలి. నిమిషం పట్టని ఈ సరిచూపును వదిలేసి, పూట పూటంతా కేస్‌లోని షరతులను అటూ ఇటూ మార్చేవారిని చాలామందిని చూశాను. కూడిక ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా, సరిగ్గానే వచ్చిందా అన్నది తేలితే వెతకవలసిన చోటు దాదాపు తెలిసిపోయినట్టే. సగటులకు, వేర్వేరు విలువలను మాత్రమే లెక్కించే కౌంట్ డిస్టింక్ట్‌కు మాత్రం ఈ కూడిక వర్తించదు; ఒకే వినియోగదారు రెండు వర్గాల్లోనూ కొనుగోలు చేసి ఉంటే రెండు చోట్లా లెక్కకు రావడం సబబే.

సమస్య: కూడిక అసలు మొత్తం కన్నా ఎక్కువ వస్తోంది

కారణం దాదాపు ఎప్పుడూ జాయినే. ఏ కోడ్ ఏ వర్గానికి చెందుతుందో చెప్పే టేబుల్‌లో ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే, ఆ కోడ్ గల ప్రతి వరుసా రెండింతలై సమ్‌లోకి వెళ్తుంది. ఆ టేబుల్‌ను కోడ్ మీద గ్రూప్ చేసి, కౌంట్ ఒకటి దాటినవాటిని హ్యావింగ్‌తో తీయండి. దొరికినవాటిని సరిచేశాక కోడ్ మీద, ఒకే విలువ రెండుసార్లు రానివ్వని యూనిక్ నిబంధన పెట్టండి. వర్గాలను పరిధులుగా పెట్టుకున్నవారు బిట్వీన్ రెండు కొసలనూ కలుపుకుంటుందని గుర్తుంచుకోవాలి: 0 నుంచి 100, 100 నుంచి 500 అని రాస్తే, 100 విలువ గల వరుస జాయిన్‌లో రెండు పరిధుల్లోనూ పడుతుంది. అదే కేస్‌లో అయితే మొదట సరిపోయిన వెన్ దగ్గరే ఆగిపోతుంది కనుక కూడిక చెడదు. కింది హద్దుకు సమానం లేదా ఎక్కువ, పై హద్దు కన్నా తక్కువ అని రాసే అలవాటు చేసుకుంటే ఈ చిక్కు ఉండదు.

దీనికి మందుగా సమ్ లోపల డిస్టింక్ట్ పెట్టవద్దు. అది వరుసల నకళ్లను కాదు, సమానమైన విలువలను తీసేస్తుంది. రెండు వేర్వేరు అమ్మకాల్లో 40 చొప్పున ఉంటే ఒక 40 మాయమవుతుంది. అంకె తగ్గింది కదా అని సరైందనుకోవడం వల్ల తప్పు మరింత లోతుకు పోతుంది.

సమస్య: కూడిక తక్కువ వస్తోంది

వర్గాల టేబుల్‌లో లేని కోడ్‌లు, నల్ (విలువ లేకపోవడం) ఉన్న వరుసలు, రెండు వైపులా జతపడినవాటినే ఉంచే ఇన్నర్ జాయిన్‌లో రాలిపోతాయి. ఎడమ టేబుల్ వరుసలన్నింటినీ ఉంచే లెఫ్ట్ జాయిన్‌కు మారి, వర్గం పేరును నల్ బదులు వేరే విలువ ఇచ్చే కోలెస్‌లో పెట్టి ‘వర్గం లేనివి’ అనే గుంపును కళ్లెదుట ఉంచండి. లెఫ్ట్ జాయిన్ పెట్టినా తగ్గుతోందంటే, కుడివైపు టేబుల్ మీది షరతు వేర్‌లో ఉందేమో చూడండి. దానిని ఆన్‌లోకి మార్చాలి. పరిధులను పూర్ణాంకాలతో 0 నుంచి 100, 101 నుంచి 500 అని రాసినప్పుడు 100.50 రెండింటికీ చెందకుండా పోతుంది. కేస్‌లో ఎల్స్ లేకపోతే అటువంటి వరుసలు నల్ గుంపుగా మిగులుతాయి, ఆ గుంపును రిపోర్ట్ చూపకపోతే మొత్తం తగ్గినట్టు కనిపిస్తుంది. ఎల్స్ ఎప్పుడూ రాయండి. కేస్ పక్కనే కాలమ్ పేరు రాసే పొట్టి రూపంలో ‘వెన్ నల్’ ఎన్నటికీ సరిపోలదని, దాని బదులు ప్రతి వెన్‌లో పూర్తి షరతు రాసే రూపంలో ‘ఈజ్ నల్’ తోనే పరీక్షించాలని వేరే చెప్పనక్కరలేదు.

సమస్య: కూడిక సరిగ్గానే ఉంది, కానీ ఒకే వర్గం పలు వరుసల్లో వస్తోంది

నేను గట్టిగా దెబ్బతిన్నది దీని దగ్గరే. ఉదాహరణకు అమ్మకాల టేబుల్‌లో విభాగం, సంఖ్య అనే కాలమ్‌లు ఉన్నాయనుకోండి. ఫోన్లు 400, ట్యాబ్లెట్లు 150, ల్యాప్‌టాప్‌లు 700, డెస్క్‌టాప్‌లు 250, ప్రింటర్లు 90, మొత్తం 1590. ఫోన్లను, ట్యాబ్లెట్లను ‘చేతి పరికరాలు’గా, ల్యాప్‌టాప్‌లను, డెస్క్‌టాప్‌లను ‘కంప్యూటర్లు’గా, మిగిలినవాటిని ‘ఇతరాలు’గా మార్చే కేస్ రాసి, దానికి యాజ్ విభాగం అని పేరు పెట్టి, చివర గ్రూప్ బై విభాగం అని రాశారు. 550, 950, 90 అని మూడు వరుసలు రావాలి. వచ్చేవి ఐదు: చేతి పరికరాలు 400, చేతి పరికరాలు 150, కంప్యూటర్లు 700, కంప్యూటర్లు 250, ఇతరాలు 90. కూడి చూస్తే 1590 చక్కగా సరిపోతుంది కనుక, పైన చెప్పిన సరిచూపు కూడా దీనిని పట్టుకోదు.

కారణం పేర్ల ఘర్షణ. తార్కిక క్రమంలో గ్రూప్ బై సెలెక్ట్ కన్నా ముందు జరుగుతుంది. సెలెక్ట్‌లో మనం పెట్టిన మారుపేరు అప్పటికి ఇంకా పుట్టలేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లు వెసులుబాటు కోసం గ్రూప్ బైలో మారుపేరును ఒప్పుకుంటాయి గానీ, అదే పేరుతో టేబుల్‌లో కాలమ్ ఉంటే రెండూ కాలమ్‌కే మొగ్గుతాయి. మారుపేరును గ్రూప్ బైలో అసలు ఒప్పుకోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కాలమ్ తప్ప వేరే అర్థమే లేదు. కాబట్టి మూడింటిలోనూ గ్రూపింగ్ మీ వర్గాల మీద కాక, అసలు విభాగాల మీద జరుగుతుంది. కేస్ విభాగం కాలమ్ మీదనే ఆధారపడింది, గ్రూపింగ్ కూడా దాని మీదే ఉంది కనుక నియమం ప్రకారం తప్పేమీ లేదు, ఎర్రరూ రాదు. పైగా ఆర్డర్ బై దీనికి పూర్తి విరుద్ధంగా మారుపేరుకే మొగ్గుతుంది. ఒకే క్వెరీలో, ఒకదాని కింద ఒకటిగా రాసిన గ్రూప్ బై విభాగం, ఆర్డర్ బై విభాగం రెండు వేర్వేరు వస్తువులను సూచిస్తాయన్నమాట.

ఐదు వరుసలను కళ్లతో చూసేవారు దీనిని వెంటనే గుర్తిస్తారు. నేను చూడలేదు. ఆ క్వెరీ ఫలితాన్ని ఒక ప్రోగ్రామ్ తీసుకుని, వర్గం పేరును కీగా పెట్టి నిఘంటువులో (ఒక్కో కీకి ఒక్కో విలువ ఉండే నిల్వలో) దాచుకునేది. ఒకే కీ రెండోసారి వస్తే పాత విలువ చెరిగిపోయి కొత్తది నిలిచేది. అందువల్ల రిపోర్ట్‌లో చేతి పరికరాలకు 550 బదులు ఒక రోజు 150, మరొక రోజు 400 అన్నట్టుగా వచ్చేది, ఎందుకంటే ఆర్డర్ బై లేనప్పుడు వరుసలు ఏ క్రమంలో వస్తాయన్న హామీ ఉండదు. డేటా మారకుండా అంకె మారుతోందని నేను రోజుల తరబడి క్యాషింగ్‌ను (పాత ఫలితాన్ని దాచి తిరిగి చూపడాన్ని), డేటా లోడింగ్‌ను అనుమానించాను. క్వెరీని నేరుగా డేటాబేస్‌లో నడిపి, వచ్చిన వరుసలను లెక్కపెట్టి ఉంటే మొదటి పది నిమిషాల్లో తేలిపోయేది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, ఆశించిన వర్గాలు ఎన్ని, వచ్చిన వరుసలు ఎన్ని అనే ప్రశ్ననే ముందు వేస్తాను.

ఇదే పొరపాటుకు మరో ముఖం ఉంది. క్వెరీ రాసిన రోజున వర్గం అనే కాలమ్ టేబుల్‌లో లేదు, మారుపేరు మీద గ్రూపింగ్ చక్కగా నడిచింది. కొంతకాలానికి వేరొకరు టేబుల్‌కు అదే పేరుతో కాలమ్ చేర్చారు. క్వెరీలో అక్షరం మారకపోయినా గ్రూపింగ్ ఆ కొత్త కాలమ్ మీదికి జారిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సాధారణంగా ఎర్రర్ చూపి కాపాడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 5.7.5 నుంచి, గ్రూప్ బైకి పొసగని కాలమ్‌ను సెలెక్ట్‌లో నేరుగా వాడనివ్వని ఓన్లీ ఫుల్ గ్రూప్ బై మోడ్ ముందే అమలులో ఉంటుంది కనుక అదీ ఆపుతుంది. పాత క్వెరీలు ఆగిపోతున్నాయని ఆ మోడ్‌ను తీసేసిన చోట మాత్రం, ప్రతి గుంపు నుంచి ఏదో ఒక వరుసలోని విలువను తీసుకుని నిశ్శబ్దంగా తప్పు ఫలితం ఇస్తుంది. దయచేసి ఆ మోడ్‌ను తీయవద్దు.

పరిష్కారం: మారుపేరును టేబుల్‌లోని ఏ కాలమ్‌తోనూ కలవకుండా, ‘రిపోర్ట్ విభాగం’ వంటి కొత్త పేరుతో పెట్టండి. అంతకన్నా మేలైనది, కేస్‌ను విత్‌తో మొదలయ్యే సీటీఈలోనో (పేరు పెట్టిన తాత్కాలిక క్వెరీ) సబ్‌క్వెరీలోనో ముందుగా లెక్కించి, బయటి క్వెరీలో ఆ కొత్త పేరు మీద మాత్రమే గ్రూప్ చేయడం. అప్పుడు ఏ డేటాబేస్‌లోనైనా ఒకే అర్థం నిలుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో సీటీఈలు 8.0 నుంచి ఉన్నాయి, అంతకు ముందువాటిలో సబ్‌క్వెరీ వాడాలి. కేస్ మొత్తాన్ని గ్రూప్ బైలో మళ్లీ రాయడం కూడా సరైనదే, కాకపోతే ఒక చోట సవరించి మరొక చోట మరిచిపోయే ప్రమాదం ఉంది. గ్రూప్ బై 1 అని స్థానం రాయడం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్‌లలో పనిచేస్తుంది, కానీ సెలెక్ట్‌లో ఎవరైనా కాలమ్‌ల వరుస మార్చితే గ్రూపింగ్ కూడా మారుతుంది కనుక నిలకడగా ఉండవలసిన రిపోర్ట్‌లలో నేను వాడను.

మిగిలినవి

వర్గాలను నిలువుగా కాక అడ్డంగా కాలమ్‌లుగా తీసినప్పుడు అన్నింటిలో ఒకే కౌంట్ వస్తోందంటే, కౌంట్ లోపలి కేస్‌లో ఎల్స్ 0 ఉన్నట్టు. నల్ కాని ప్రతిదానినీ కౌంట్ లెక్కిస్తుంది, సున్నాను కూడా. ఆ ఎల్స్ తీసేయండి, లేదా కౌంట్ స్థానంలో సమ్ పెట్టండి. అమ్మకాలు లేని వర్గం సున్నాతో కనిపించాలంటే వర్గాల టేబుల్ నుంచి మొదలుపెట్టి అమ్మకాలకు లెఫ్ట్ జాయిన్ చేయాలి. పేర్ల చివర కనిపించని ఖాళీలు, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడాలు ఒకే వర్గాన్ని చీల్చవచ్చు. ట్రిమ్, లోయర్ వేసి చూస్తే తేలిపోతుంది. దశాంశాల చివర అతి చిన్న తేడా వస్తే కాలమ్ విలువలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ రకానిదై ఉంటుంది, దానిని కచ్చితంగా దాచే డెసిమల్‌కు మార్చండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంట్ కాలమ్ మీది సమ్ కూడా ఇంట్‌గానే వస్తుంది కనుక పెద్ద మొత్తాలకు ఓవర్‌ఫ్లో (పరిధి దాటింది అనే) ఎర్రర్ వస్తే, కూడే ముందే బిగ్‌ఇంట్‌కు మార్చుకుంటే సరిపోతుంది.