డ్యూయల్ బూట్‌లో హైబర్నేషన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) కూడా వేసుకున్నవాళ్లకి మొదటి వారం ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత ఒకరోజు ఉబుంటులోంచి డి డ్రైవ్‌లో ఫైల్ సేవ్ కాదు. ఇంకోరోజు మూత తెరిస్తే రాత్రి వదిలేసిన విండోస్ బదులు ఉబుంటు లాగిన్ కనిపిస్తుంది. డిస్కు పోయిందేమోనని భయపడతారు గానీ, చాలాసార్లు డిస్కు నిక్షేపంలా ఉంటుంది. గొడవంతా ఒక సిస్టమ్ పూర్తిగా ఆగకుండానే రెండోది లేవడం వల్ల వస్తుంది.

హైబర్నేట్ అంటే ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కు మీద రాసుకుని కరెంటు పూర్తిగా ఆపేయడం. విండోస్ దాన్ని సి డ్రైవ్‌లో 'హైబర్‌ఫిల్.సిస్' అనే దాచిన ఫైల్లో పెడుతుంది. లినక్స్ స్వాప్‌లో, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి డిస్కు మీద కేటాయించిన చోట్లో, పెడుతుంది. కింద చెప్పినవన్నీ ఈ రెండు చోట్ల చుట్టూ తిరిగే సమస్యలే. కమాండ్లను తెలుగు లిపిలో రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో కొట్టాలి. ఫైల్ పేర్లు, మామూలు కమాండ్లు చిన్న అక్షరాల్లో, గ్రబ్ (కంప్యూటర్ ఆన్ అవగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ) సెట్టింగుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

విండోస్ డ్రైవ్ లినక్స్‌లో తెరుచుకోవట్లేదు, తెరుచుకున్నా రాయనివ్వట్లేదు

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. విండోస్ డ్రైవ్‌ల ఫార్మాట్ పేరు ఎన్‌టీఎఫ్ఎస్. దాన్ని లినక్స్‌లో మౌంట్ చేసే (అంటే తగిలించి తెరిచే) పాత ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ అయితే 'విండోస్ ఈజ్ హైబర్నేటెడ్, రెఫ్యూజ్డ్ టు మౌంట్' అని తేల్చి చెబుతుంది, లేదా రీడ్-ఓన్లీగా తెరిచి ఊరుకుంటుంది. 2021లో వచ్చిన లినక్స్ 5.15 కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) నుంచి ఉన్న కొత్త డ్రైవర్ అయితే వాల్యూమ్ (డ్రైవ్) 'డర్టీ', అంటే సరిగ్గా మూయలేదు, అని ఫిర్యాదు చేస్తుంది.

"నేను హైబర్నేట్ చెయ్యలేదు, షట్‌డౌనే చేశాను" అంటారు అందరూ. నిజమే, మీరు షట్‌డౌన్ నొక్కారు. చెయ్యనిది విండోస్. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసి, మిమ్మల్ని లాగౌట్ చేసి, కెర్నెల్‌ని మాత్రం హైబర్నేట్ చేస్తుంది. మర్నాడు త్వరగా లేచేది అందుకే. ఒక్క సిస్టమ్ ఉన్న కంప్యూటర్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. రెండున్న చోట మాత్రం మీకు తెలియకుండానే రోజూ రాత్రి సగం హైబర్నేట్ అవుతున్నట్టు.

అప్పటికప్పుడు గట్టెక్కాలంటే మళ్లీ విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టండి. రీస్టార్ట్‌కి ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు, సిస్టమ్ పూర్తిగా మూసుకుంటుంది. గ్రబ్ మెనూ రాగానే ఉబుంటు ఎంచుకోండి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా, కమాండ్ ప్రాంప్ట్‌లో 'షట్‌డౌన్ /ఎస్ /టీ 0' కొట్టినా అదే ఫలితం.

శాశ్వతంగా పోవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కండి. కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్కు బూడిదరంగులో ఉండి కదలదు. పైన 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' అన్న లింకు నొక్కితే కదులుతుంది. టిక్కు తీసి సేవ్ చేయండి. విండోస్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ టిక్కు తిరిగి పడిందేమో ఒక కన్నేసి ఉంచండి.

చాలామంది దీనికి అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' కొట్టమంటారు. పని జరుగుతుంది, కానీ ఫాస్ట్ స్టార్టప్‌తోపాటు అసలు హైబర్నేషన్ కూడా పోతుంది. విండోస్‌లో హైబర్నేట్ ఎప్పుడూ వాడనివాళ్లకి అదే మేలు. హైబర్‌ఫిల్ సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం దాకా తింటుంది కాబట్టి 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ పైనే ఖాళీ అవుతుంది. వాడేవాళ్లు మాత్రం టిక్కు తీసి ఆగిపోవాలి.

ఇంత చేసినా 'డర్టీ' అంటుంటే విండోస్‌లోకి వెళ్లి ఆ డ్రైవ్ మీద 'సీహెచ్‌కే‌డిస్క్ /ఎఫ్' నడపండి. దాని పేరులో 'డిస్క్'కి ఐ ఉండదు, డీ తర్వాత ఎస్, కే మాత్రమే. లినక్స్‌లో ఉండే 'ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్' కొన్ని చిన్న తప్పులు సరిచేసి, '-డీ'తో నడిపితే ఆ డర్టీ గుర్తును తుడిచేస్తుంది గానీ, సీహెచ్‌కే‌డిస్క్ చేసేంత పని చెయ్యదు. గుర్తు తుడిచినంత మాత్రాన లోపలి తప్పు పోదు.

ఇక 'రిమూవ్_హైబర్‌ఫైల్' అనే మౌంట్ ఆప్షన్ సంగతి. ఇది విండోస్ దాచుకున్న సెషన్‌ని చెరిపేస్తుంది. విండోస్‌లో సేవ్ చెయ్యకుండా వదిలినదేదైనా ఉంటే అది అక్కడితో సరి. విండోస్ ఇక లేవనే లేవదని తేలిపోతే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. అప్పుడు కూడా మీకు కావాల్సింది ఫైళ్లు బయటికి తీసుకోవడమే అయితే రీడ్-ఓన్లీ మౌంట్ చాలు. కాపీ చేసుకోవడానికి రాసే అనుమతి అక్కర్లేదు కదా.

ఉబుంటులోంచి పెట్టిన ఫైళ్లు విండోస్‌లో మాయం, బూట్ అవగానే డిస్క్ చెకింగ్

లినక్స్ వద్దన్నా బలవంతంగా మౌంట్ చేసి రాసినప్పుడు జరిగేది ఇది. కొట్టు గుమాస్తా లెక్కంతా బుర్రలో పెట్టుకుని కునుకు తీశాడు, ఈలోగా ఇంకొకరు వచ్చి చిట్టాలో నాలుగు పద్దులు రాసి వెళ్లారు, గుమాస్తా లేచి చిట్టా వంక చూడకుండా తనకు గుర్తున్నదే దాని మీద రాసేశాడు. విండోస్ కూడా అంతే. ఏ ఫైల్ ఎక్కడుందో, ఏ చోటు ఖాళీగా ఉందో దాని ర్యామ్‌లో ఉంది, లేచాక దాన్నే నమ్ముతుంది. మీ కొత్త ఫైల్ పోవడం చిన్న నష్టం. పాత ఫైళ్లు కూడా చెడొచ్చు.

ఇది ఒక్క సి డ్రైవ్‌కే అనుకోవద్దు. నిద్రపోయే ముందు విండోస్‌కి తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌కీ వర్తిస్తుంది. హైబర్నేట్ చేశాక పెన్‌డ్రైవ్ పీకి ఇంకో కంప్యూటర్లో రాసి, తెచ్చి మళ్లీ గుచ్చినా అదే ప్రమాదం.

అటు నుంచి ఇటు కూడా ఇంతే, కానీ దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఉబుంటులో డి డ్రైవ్ తెరిచి ఉంచి హైబర్నేట్ చేసి, విండోస్‌లోకి వెళ్లి అదే డ్రైవ్‌లో పనిచేస్తే ఈసారి గుమాస్తా లినక్స్. పైగా విండోస్ ముందుగా హెచ్చరించదు కూడా. అందుకని లినక్స్‌ని హైబర్నేట్ చేసే ముందు ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లన్నీ అన్‌మౌంట్ చేయాలి. 'ఈటీసీ' ఫోల్డర్‌లోని 'ఎఫ్‌స్టాబ్'లో ఆ డ్రైవ్‌కి 'నోఆటో' అని చేరిస్తే అవసరమైనప్పుడే తెరుచుకుంటుంది, మరిచిపోయే అవకాశం తగ్గుతుంది.

విండోస్‌ని హైబర్నేట్ చేస్తే ఉబుంటు లేస్తోంది

విండోస్ హైబర్నేషన్‌లో తప్పేమీ లేదు. కరెంటు పూర్తిగా పోయింది కాబట్టి పవర్ నొక్కగానే మొదట వచ్చేది గ్రబ్. మీరు కాఫీ పెట్టుకుని వచ్చేలోపు దాని గడువు అయిపోతుంది, మొదటి వరుసలో ఉన్న ఉబుంటు మొదలవుతుంది. కంగారులో మళ్లీ రీస్టార్ట్‌లు కొట్టకుండా, ఉబుంటులో విండోస్ డ్రైవ్‌లేవీ తెరవకుండా ఒక్కసారి రీస్టార్ట్ చేసి గ్రబ్‌లో విండోస్ ఎంచుకోండి. వదిలిన చోటే ఉంటుంది.

తరచూ ఇలా అవుతుంటే 'ఈటీసీ'లో 'డిఫాల్ట్' కింద ఉన్న 'గ్రబ్' ఫైల్ తెరిచి 'గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్', 'గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ' అన్న రెండు వరుసలు పెట్టి 'సుడో అప్‌డేట్-గ్రబ్' నడపండి. చివరిసారి దేన్ని ఎంచుకున్నారో గ్రబ్ దాన్నే మళ్లీ ఎంచుకుంటుంది. మెనూలో విండోస్ పేరే లేకపోతే అది వేరే సంగతి: 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లని వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుంది. అదే ఫైల్లో 'గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్' అని రాసి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి.

లినక్స్‌లో హైబర్నేట్ అసలు కనిపించదు

ఉబుంటులో ఇది మామూలే. 12.04 నుంచీ మెనూలో ఆ బటన్ ఇవ్వడం మానేశారు. ముందు టెర్మినల్‌లో 'సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్' కొట్టి చూడండి. కుదరదంటే 'క్యాట్ /సిస్/పవర్/డిస్క్' కొట్టండి. 'డిసేబుల్డ్' అని వస్తే ముందుగా అనుమానించాల్సింది సెక్యూర్ బూట్‌నే, అంటే డిజిటల్ సంతకం సరిపోయిన సిస్టమ్‌లనే లేవనిచ్చే కాపలాని. అది ఆన్‌లో ఉన్నప్పుడు ఉబుంటు, ఫెడోరా (ఇంకో రకం లినక్స్) కెర్నెళ్లు లాక్‌డౌన్‌లోకి వెళ్లి హైబర్నేషన్‌ని ఒప్పుకోవు. డిస్కు మీది ఇమేజ్‌ని (రాసిపెట్టిన ర్యామ్ నకలుని) ఎవరైనా మార్చి పెడితే, లేచేటప్పుడు ఆ మార్చినదే కెర్నెల్‌గా నడుస్తుందని వాటి భయం. భయంలో అర్థం ఉంది. 'ఎంఓకే‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్' కొడితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

దాన్ని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆఫ్ చేయొచ్చు, కానీ డ్యూయల్ బూట్‌లో దానికి ముందు ఒక పని ఉంది. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఉంటే, సెక్యూర్ బూట్ మార్చిన వెంటనే అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, ఆ తర్వాతే బయోస్ తెరవండి. విండోస్ 11లో వాలరెంట్ లాంటి ఆటలకు సెక్యూర్ బూట్ ఉండి తీరాలి కూడా. నన్నడిగితే ఒక్క హైబర్నేట్ కోసం ఇంత తతంగం దండగ. ఎస్ఎస్‌డీ ఉన్న మిషన్ ఎలాగూ త్వరగానే బూట్ అవుతుంది, ఫైళ్లు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడమే హాయి.

సెక్యూర్ బూట్ ఆఫ్‌లోనే ఉన్నా కుదరకపోతే స్వాప్ చూడండి. 'స్వాప్‌ఆన్ --షో' కొడితే జాబితా వస్తుంది. అందులో 'జెడ్‌ర్యామ్' ఒక్కటే ఉంటే అది ర్యామ్‌లోనే ఉండే స్వాప్, కరెంటు పోతే దానిలో ఏమీ మిగలదు. ఫెడోరా 33 నుంచి ఇదే మామూలు. రెండు జీబీల స్వాప్‌ఫైల్ ఉన్నా 16 జీబీ ర్యామ్‌కి ఆనదు. స్వాప్‌ని ర్యామ్ అంత ఉంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

హైబర్నేట్ అవుతుంది, లేచేసరికి అంతా కొత్తగా మొదలవుతుంది

లినక్స్ రాసిపెట్టింది గానీ, ఎక్కడ రాసిందో బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కి ఎవరూ చెప్పలేదు. స్వాప్ పార్టిషన్ ఉంటే 'సుడో బీఎల్‌కే‌ఐడీ'తో దాని యూయూఐడీ (పార్టిషన్‌కి, అంటే డిస్కు భాగానికి, ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) తీసుకుని, గ్రబ్ ఫైల్లో 'గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డిఫాల్ట్' వరుసలో 'రెజ్యూమ్=యూయూఐడీ=' తర్వాత అతికించండి.

స్వాప్‌ఫైల్ అయితే రెండు విలువలు కావాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇవ్వాల్సిన యూయూఐడీ స్వాప్‌ది కాదు, ఆ ఫైల్ ఉన్న పార్టిషన్‌ది. 'ఫైండ్‌ఎంఎన్‌టీ -ఎన్ఓ యూయూఐడీ -టీ /స్వాప్‌ఫైల్' కొడితే వస్తుంది. ఇందులో 'యూయూఐడీ', 'టీ' మాత్రం పెద్ద అక్షరాలు. రెండోది ఆ ఫైల్ డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్. డిస్కు ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 అయితే 'సుడో ఫైల్‌ఫ్రాగ్ -వీ /స్వాప్‌ఫైల్' కొట్టి, సున్నా వరుసలో ఫిజికల్ ఆఫ్‌సెట్ కింద ఉన్న మొదటి సంఖ్య తీసుకోండి, చివరనున్న చుక్కలు వదిలేయండి. దాన్ని 'రెజ్యూమ్_ఆఫ్‌సెట్=' అని పక్కనే రాయండి. బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫార్మాట్ మీద ఫైల్‌ఫ్రాగ్ ఇచ్చే సంఖ్య పనికిరాదు. అక్కడ 'బీటీఆర్‌ఎఫ్ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్' వాడాలి. తర్వాత 'సుడో అప్‌డేట్-గ్రబ్', 'సుడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ' నడిపి ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఎప్పుడైనా స్వాప్‌ఫైల్ చెరిపి పెద్దది చేసుకుంటే ఆఫ్‌సెట్ మారుతుంది, మళ్లీ తీసుకోవాలి.

రెండో లినక్స్ వేశాక మొదటిది నిదానంగా లేస్తోంది

తెర మీద 'గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్' అని వస్తుంది. కొత్త లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న స్వాప్‌ని మళ్లీ ఫార్మాట్ చేసింది, దాంతో యూయూఐడీ మారింది. పాతది ఇంకా పాత నంబరు కోసమే ఎదురుచూస్తోంది. బీఎల్‌కే‌ఐడీతో కొత్త నంబరు తీసుకుని ఎఫ్‌స్టాబ్‌లోనూ, 'ఈటీసీ'లోని 'ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్' ఫైల్లోనూ మార్చి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ నడపండి. హైబర్నేట్ వాడేటట్టయితే రెండు లినక్స్‌లకి ఒకే స్వాప్ పెట్టొద్దు.

చిల్లర ఇబ్బందులు

బ్యాగులో ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే చాలాసార్లు అది హైబర్నేట్ కాదు, స్లీప్. 'పవర్‌సీఎఫ్‌జీ /ఎ' కొడితే మీ మిషన్‌లో ఏయే నిద్రలు ఉన్నాయో, 'పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్' కొడితే చివరిసారి ఎవరు లేపారో తెలుస్తుంది.

ఎన్విడియా కార్డుతో లినక్స్ లేచాక తెర నల్లగా ఉండిపోతే, 'ఎన్విడియా-హైబర్నేట్', 'ఎన్విడియా-రెజ్యూమ్' సర్వీసులు ఎనేబుల్ అయ్యాయో లేదో చూడండి. వీడియో మెమరీని దాచమని చెప్పే 'ఎన్‌వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్=1' అనే ఆప్షన్ కూడా కావాలి.

విండోస్ నుంచి వచ్చాక ఉబుంటులో వైఫై కనిపించకపోతే, డ్రైవర్ మార్చే ముందు విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. కొన్ని కార్డులను ఫాస్ట్ స్టార్టప్ సగం నిద్రలో వదిలేస్తుంది.

గడియారం ఐదున్నర గంటలు అటూ ఇటూ అవుతుంటే హైబర్నేషన్‌ని తిట్టకండి. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన టైము రాస్తుంది, లినక్స్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాస్తుంది. మనకీ యూటీసీకీ తేడా సరిగ్గా ఐదున్నర. లినక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' కొట్టండి, లేదా విండోస్ రిజిస్ట్రీలో 'రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్' విలువ 1 పెట్టండి. ఏదో ఒకటే చేయాలి. రెండు చోట్లా మారిస్తే మళ్లీ అదే ఐదున్నర గంటల తేడా, ఈసారి తిరగబడి వస్తుంది.