విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళల విభాగాన్ని ఎలా నడపాలి?

సంగీతం, నృత్యం, నాటకం నేర్పే విభాగంలోనూ అన్ని విభాగాల్లో ఉండే పనులే ఉంటాయి: అడ్మిషన్లు, టైమ్‌టేబుల్, హాజరు, పరీక్షలు, బిల్లులు. కాకపోతే ఇక్కడ పాఠంలో పెద్ద భాగం రిహార్సల్ హాల్లో జరుగుతుంది, పరీక్ష స్టేజి మీద జరుగుతుంది. అందుకే గది దొరక్కపోయినా, తేదీ కుదరకపోయినా దెబ్బ తినేది చదువే. కొత్తగా విభాగం బాధ్యత తీసుకున్నవాళ్లు ఈ వరుసలో పని మొదలుపెట్టండి.

1. ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అకడమిక్ క్యాలెండర్ చేతికి రాగానే ముందు ప్రదర్శనల తేదీలు ఖాయం చేయండి. సెమిస్టర్ చివరి వారంలో పెట్టేయడం చాలాచోట్ల అలవాటు. తీరా చూస్తే రాత పరీక్షలూ అప్పుడే ఉంటాయి. రాత్రి పొద్దుపోయేదాకా స్టేజి మీదున్న విద్యార్థి పొద్దున్నే పరీక్ష ఎలా రాస్తాడు? పరీక్షలకు కనీసం రెండు వారాల ముందే ప్రదర్శనలు ముగిసేలా చూడండి.

నాటకం శుక్రవారం అనుకుందాం. గురువారం దుస్తులు, మేకప్‌తో పూర్తి రిహార్సల్. మంగళ, బుధవారాలు లైట్లు, సౌండ్‌తో టెక్నికల్ రిహార్సల్. లైటు మారే ప్రతిచోటా ఆగి సరిచూసుకోవాలి కాబట్టి గంటన్నర నాటకానికి ఒక సాయంత్రం చాలదు. సోమవారం సెట్ బిగింపు. శనివారం సెట్ విప్పి స్టేజి ఖాళీ చేయడం. అంటే ఆడిటోరియం శుక్రవారం సాయంత్రానికి కాదు, వారమంతా బుక్ చేయాలి. దానికి ముందు ఆరు నుంచి ఎనిమిది వారాల రిహార్సల్స్, ఆ ముందు ఆడిషన్లు, అన్నిటికంటే ముందు నాటకం ఎంపిక.

ఎంపికతోపాటే హక్కుల సంగతి తేల్చుకోండి. కాపీరైట్ ఉన్న నాటకం పుస్తకం కొన్నంత మాత్రాన దాన్ని ప్రేక్షకుల ముందు ఆడే హక్కు రాదు. వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా, సంభాషణలు కత్తిరించాలన్నా సాధారణంగా విడిగా అడగాలి. అనుమతి రాతపూర్వకంగా చేతికి అందాకే ఆడిషన్ ప్రకటన ఇవ్వండి.

2. గదుల పట్టిక ఒకరి చేతిలోనే ఉండాలి

గొడవల్లో చాలా వరకు గదుల దగ్గరే పుడతాయి. అందరూ చూడగలిగే ఒకే పట్టిక పెట్టి, అందులో మార్పులు చేసే అధికారం ఒక్కరికే ఇవ్వండి. నోటిమాట బుకింగులు వద్దు. క్లాసులు మొదట, ప్రదర్శన రిహార్సల్స్ తర్వాత, సొంత సాధన ఆ తర్వాత అని ప్రాధాన్యం ముందే రాసిపెట్టండి. ఒక క్లాసుకూ ఇంకో క్లాసుకూ మధ్య పదిహేను నిమిషాలు వదలండి. డ్రమ్స్ సర్దాలి, కుర్చీలు జరపాలి, నేల తుడవాలి.

ఖాళీగా ఉన్న గది ప్రతిదీ పనికిరాదు. నృత్యానికి అడుగు పడితే కొంచెం అణిగి లేచే చెక్క నేల కావాలి. గట్టి కాంక్రీటు మీద రోజూ గెంతితే మోకాళ్లు, కాలి ఎముకలు దెబ్బతింటాయి. పెద్ద శబ్దం వచ్చే వాద్యాల గదికి ఇంకో లెక్క ఉంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు ఒక హద్దు పెట్టారు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి తగ్గుతుంది: 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండే. డ్రమ్స్ నేర్పే టీచరుకు వరసగా క్లాసులు వేసేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. విద్యార్థి రోజు మొత్తాన్ని కూడా ఒకసారి చూడండి. పొద్దున గాత్రం క్లాసు, మధ్యాహ్నం బృందగానం, సాయంత్రం నాటకం రిహార్సల్ ఒకే మనిషికి పడితే నెల తిరక్కుండానే గొంతు పోతుంది.

3. పనిగంటలు నిజాయతీగా లెక్కించండి

ఒక్కొక్కరికీ విడిగా వారానికి గంట పాఠం చెప్పే చోట ఇరవై మంది విద్యార్థులంటే వారానికి ఇరవై గంటలు. ఇంకో విభాగంలో ఇరవై మంది ఒక క్లాసు. డీన్ ఆఫీసుకు పనిభారం పంపేటప్పుడు ఈ తేడా అంకెల్లో చూపించండి. నాటకం దర్శకత్వం, పక్కవాద్యం వాయించేవారి రిహార్సల్ గంటలు కూడా అందులో రావాలి. అవి రాయకపోతే ఆ పని జరగనట్టే లెక్క.

4. ప్రాక్టికల్ పరీక్షకు కాగితం గట్టిగా ఉండాలి

కళకు మార్కులు వేయడం కష్టమనేది నిజమే. అందుకే ఇక్కడ రికార్డు మరింత పక్కాగా ఉండాలి. శ్రుతి, లయ, భావం, తయారీ, ఇలా దేనికెన్ని మార్కులో సెమిస్టర్ మొదటి వారంలోనే విద్యార్థులకు ఇవ్వండి. కనీసం ఇద్దరు పరీక్షకులు ఉండాలి. మాట్లాడుకోకముందే ఎవరి షీటు వాళ్లు నింపి సంతకం చేయాలి. ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా వస్తే చర్చించి, తుది మార్కుకు కారణం రాయాలి. ‘బాగుంది, 72’ అని రాస్తే విద్యార్థికి ఏమీ తెలియదు. ‘శ్రుతి మొదటి నుంచీ నిలబడింది, వేగం పెరిగిన చోట లయ జారింది’ అని రాస్తే ఏం సాధన చేయాలో తెలుస్తుంది, రేపు ఫిర్యాదు వచ్చినా జవాబు ఉంటుంది. విద్యార్థికి ముందే చెప్పి రికార్డింగ్ తీసుకుని, అప్పీలు గడువు ముగిసేదాకా భద్రపరచండి.

పరీక్ష రోజున గొంతు పట్టేసినా, కాలు బెణికినా ఏం చేయాలన్నదీ ముందే తేల్చి పెట్టుకోవాలి. డాక్టరు చీటీ ఎన్నిరోజుల్లో ఇవ్వాలి, మళ్లీ పరీక్ష ఎప్పుడు పెడతారు, గ్రూపు ప్రదర్శనలో పాత్ర ఇంకొకరు చేస్తే మార్కులు ఎలా వేస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి.

5. అతిథి కళాకారులు, వాద్యాలు

బయటి నుంచి కళాకారులను పిలిస్తే పారితోషికం, ప్రయాణం, రికార్డింగ్ హక్కు ఒకే ఆహ్వాన పత్రంలో రాసి, ఆర్థిక ఆమోదం వచ్చాకే పంపండి. వర్క్‌షాప్ చేసిపోయిన మనిషి నెలల తరబడి డబ్బు కోసం ఫోన్లు చేయాల్సి రావడం విభాగానికే తలవంపు.

వాద్యాలకు స్టాక్ రిజిస్టర్‌లో నంబరు, ప్రస్తుత స్థితి ఫొటో, ఎవరు తీసుకెళ్లారో సంతకం ఉండాలి. చెక్క వాద్యాలున్న గదిలో గాలి తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంచండి. తేమ ఎంతుందో చూసుకోవడానికి చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే పరికరం) గోడకు తగిలిస్తే చాలు. పియానో శ్రుతి చేయించడం, తీగలు, చర్మాలు మార్చడం ఏటా వచ్చే ఖర్చులే కాబట్టి వాటికి బడ్జెట్‌లో వేరే పద్దు అడగండి. అత్యవసర మరమ్మతు పేరుతో ఫైలు కదిలిస్తే ఆమోదం వచ్చేలోపు సెమిస్టర్ అయిపోతుంది.