తంగేడు పెంచుదాం – రెండో పాఠం: గింజ నుంచి గుంత దాకా

పోయిన పాఠంలో కాయలు ఏరి పెట్టుకోమన్నాను. దొరకలేదంటే బతుకమ్మకు పూలన్నీ కోసేసిన చెట్ల దగ్గర వెతికి ఉంటారు. ఎవరూ తుంచని గుట్ట మీదకో పొలం గట్టు మీదకో వెళ్లండి. కాయ గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పెళపెళలాడాలి. చిన్న బెజ్జం కనిపించిన గింజను పురుగు తినేసినట్టే, పక్కన పడేయండి.

తంగేడు గింజ పెంకు మహా గట్టిది. ఒక్క చినుక్కి మోసపోయి మొలిస్తే మెట్టనేలలో బతకదు మరి! ఉన్నదున్నట్టు నాటితే నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. అందుకే నీళ్లు మరగబెట్టి, పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక గింజలు వేయండి. ఉడికించకూడదు. రాత్రంతా ఆ నీళ్లలోనే ఉంచితే తెల్లారేసరికి కొన్ని ఉబ్బుతాయి. వాటిని విత్తేయండి, మిగతావాటికి ఇంకోసారి వేడినీళ్లు.

ఫిబ్రవరి, మార్చిలో విత్తితే వానలకు మొక్క తయారవుతుంది. తల్లివేరు నిలువునా దిగుతుంది కాబట్టి పొడుగాటి నర్సరీ కవర్లు తీసుకోండి. ఎర్రమట్టి, ఇసుక, కాస్త చివికిన పశువుల ఎరువు చాలు. సెంటీమీటరు లోతున నాటండి. మొలిచాక పైమట్టి ఆరితేనే నీళ్లు పోయాలి. రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది.

తొలకరి పడ్డాక, నీళ్లు నిలవని ఎండచోట, ఐదారడుగుల ఎడంతో నాటండి. ఒక్కటి కాకుండా నాలుగైదు గుంపుగా వేస్తే తుమ్మెదల కంట పడతాయి. మొదటి వేసవి మాత్రం వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి.

ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరం కొసనున్న సన్నని రంధ్రంలోంచే రాలాలి. నల్ల తుమ్మెద పువ్వును కరుచుకుని ఒళ్లంతా జుమ్మని అదిరిస్తే పుప్పొడి చిమ్ముతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు, కింద రాలింది ఏరుకుంటుంది.

ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనిపిస్తే టెన్షన్ పడకండి, మందు కొట్టకండి. అవి సీతాకోకచిలుకల పిల్లలు. తిన్న ఆకు మళ్లీ చిగురిస్తుంది.

పెరట్లో ఎండు దుంగో వెదురుబొంగో ఉంటే పొయ్యిలో పెట్టకండి. నల్ల తుమ్మెద గూడు తొలుచుకునేది అందులోనే. ఆ దుంగనో బొంగునో ఎక్కడ, ఎలా కట్టాలో మూడో పాఠంలో.