కార్బన్ బేరం రాకముందే గూడెం తన అడవిపై హక్కు తెచ్చుకోవడం ఎలా?

అడవి ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటే ఒక క్రెడిట్. ఎక్కడో ఉన్న కంపెనీ దాన్ని కొని తన పొగ లెక్క సరిచేసుకుంటుంది. మన దేశంలో కార్బన్ ట్రేడింగ్ పథకం, పాడైన అటవీ భూముల్లో మొక్కలు నాటించే గ్రీన్ క్రెడిట్ నిబంధనలు రెండూ 2023లోనే వచ్చాయి. కాగితం మీద 'పాడైన భూమి' అన్నది చాలాచోట్ల గూడెం పశువులు మేసే చోటో, కొండచీపుర్లు కోసుకునే వాలో అయి ఉంటుంది. కాబట్టి బేరం తర్వాత. ముందు 2006 అటవీ హక్కుల చట్టం కింద ఫారం-సి నింపాలి.

పోడు పట్టా ఉంది కదా అని ఊరుకోవద్దు. అది ఫారం-ఎ, కుటుంబం సాగుచేసే భూమికే. తునికాకు, ఇప్పపువ్వు, మేత లాంటివి ఫారం-బి. ఊరి అడవిని మనమే కాపాడుకుని నిర్వహించుకునే హక్కు ఫారం-సితో వస్తుంది.

1. సభ పెట్టండి
పంచాయతీ సభ కాదు, గూడెం సభ. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోండి. 'వన సంరక్షణ సమితి ఉందిగా' అంటారు. అది అటవీశాఖ వేసిన కమిటీ, చట్టం హక్కు ఇచ్చేది గ్రామసభకు.

2. హద్దు నడవండి
అసలు పని ఇదే, ఒక్కరోజులో తేలదు. ముసలివాళ్లను ముందు నడవనివ్వండి. 'వాగు దాకా మనది, ఆ చింతచెట్టు నుంచి వాళ్లది' అని అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసి వేలిముద్ర వేయించండి. పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే ఆధారమే. పక్క ఊరి పెద్దలది కూడా తీసుకుంటే ఇంకా గట్టిది. పాత శ్మశానం, దేవత గట్టు, ఎండాకాలంలోనూ ఊరే చెలమ, ప్రతిచోటా ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయండి. హద్దు తగాదా ఉంటే పక్క ఊరివాళ్లతో అక్కడే తేల్చుకోండి.

అటవీ, రెవెన్యూ సిబ్బందికి ముందే రాతలో కబురు పెట్టి, వచ్చినవాళ్ల చేత తేదీ వేసి సంతకం చేయించండి. రాలేదా? టెన్షన్ పడొద్దు. 'మేం లేనప్పుడు చూశారు' అని ఆ సిబ్బంది తర్వాత అభ్యంతరం పెడితే దరఖాస్తు మళ్లీ పరిశీలనకు సభకే వస్తుంది. రెండోసారీ రాకపోతే ఆ పరిశీలనపై సభ మాటే ఖాయమని 2012 సవరణ నిబంధనలు చెబుతున్నాయి.

3. దరఖాస్తు ఇచ్చి రసీదు అడగండి
సభ తీర్మానంతో సబ్ డివిజన్ కమిటీకి, అంటే ఈ దరఖాస్తులు చూసే సబ్ డివిజన్ స్థాయి అధికారిక కమిటీకి ఇవ్వండి. రసీదు లేకపోతే ఆ ఫైలు ఇవ్వనట్టే లెక్క. అక్కడి నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు.

4. కార్బన్‌వాళ్లు వస్తే
సభ మాటకు విలువేముందని ఎవరైనా అంటే ఒడిశాలోని నియమగిరి సంగతి చెప్పండి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో అక్కడ 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైట్ గనిని వద్దన్నాయి.

ఒప్పందం తెలుగులో అడగండి. ఎన్నేళ్లు? క్రెడిట్లు ఎవరి పేరున? మేత, తునికాకు ఆపాలా? అడవి కాలితే నష్టం ఎవరిది? ఈ జవాబులు రాతలో వచ్చేదాకా తీర్మానాల పుస్తకం గూడెం దాటనివ్వకండి, జిరాక్స్‌కి కూడా.