డైవింగ్ సీజన్ మొదలయ్యేలోపే అత్యవసర ఆక్సిజన్ సిద్ధం చేసుకోండి

డైవింగ్ పడవలో ఆక్సిజన్ పెట్టె ఉంటే సరిపోదు. దాన్ని తెరిచి, రెగ్యులేటర్ బిగించి, మాస్కు సరిగా పెట్టగలిగినవారు కూడా పైన ఉండాలి. ఆ పని తెలిసిన ఒక్కరూ నీళ్లలో ఉన్న సమయంలో ప్రమాదం జరిగితే, పెట్టె ఉన్నా లేనట్టే. అందుచేత పడవ నడిపేవారితో సహా కనీసం ఇద్దరు, సీజన్‌కు ముందే ప్రథమ చికిత్సలోను, అత్యవసర ఆక్సిజన్ ఇవ్వడంలోను శిక్షణ పొందాలి.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, పీల్చే గాలిలోని నైట్రోజన్ శరీరంలో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది బుడగలుగా మారితే కీళ్ల నొప్పి, తిమ్మిరి, కాళ్లలో బలహీనత, విపరీతమైన అలసట వస్తాయి. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు; నియమాలన్నీ పాటించినవారికి కూడా ఇది రావచ్చు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినవారిలో ఊపిరితిత్తులు దెబ్బతిని గాలి ధమనుల్లోకి చేరడం అంతకంటే ప్రమాదకరం. అలాంటప్పుడు సాధారణంగా 10 నిమిషాల్లోపే స్పృహ తప్పడమో, ఒక పక్క చచ్చుబడటమో కనిపిస్తుంది.

ఈ రెంటిలో ఏది జరిగిందో తేల్చుకునేదాకా ఆగవలసిన పని లేదు, ఎందుకంటే రెంటికీ ప్రథమ చికిత్స ఒక్కటే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, వీలైనంతవరకు 100 శాతానికి దగ్గరగా ఉండే ఆక్సిజన్ వెంటనే మొదలుపెట్టాలి. స్పృహ లేకపోయినా శ్వాస ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నీళ్లు మింగి శ్వాస ఆగినవారికైతే ముందు నోటి ద్వారా ఊపిరి అందించి, ఆ తరువాత సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యమధ్య ఊపిరి అందించడం) కొనసాగించాలి. రోగిని మళ్లీ నీటిలోకి దించి నయం చేయాలని మాత్రం ఎన్నడూ ప్రయత్నించకండి.

వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 98 చూపిస్తోందని ఆక్సిజన్ ఆపేయడం తరచుగా జరిగే పొరపాటు. ఇక్కడ ఆక్సిజన్ ఇచ్చేది రక్తంలో దాని శాతం పెంచడానికి మాత్రమే కాదు. పీల్చే గాలిలో నైట్రోజన్ లేకుండా చేస్తే శరీరంలో చేరిన నైట్రోజన్ త్వరగా బయటికి పోతుంది, బుడగలు కుంచించుకుపోతాయి. నొప్పి తగ్గినా వైద్యులు చెప్పేదాకా ఆపకూడదు. డైవర్లు చాలామంది తమ లక్షణాలను తామే కొట్టిపారేస్తారు. భుజం నొప్పి సిలిండర్ మోసినందుకే వచ్చిందంటారు. డైవ్ తరువాత కొత్తగా వచ్చిన ప్రతి బాధనూ అనుమానించవలసిందే.

సిలిండర్ ఎంతసేపు వస్తుందో ముందే లెక్క కట్టుకోవాలి. నాన్ రీబ్రీథర్ మాస్కుకు, అంటే ఆక్సిజన్ నిండే సంచి ఉండి వదిలిన ఊపిరిని మళ్లీ పీల్చనివ్వని మాస్కుకు, నిమిషానికి 15 లీటర్లు కావాలి. 680 లీటర్ల సిలిండర్ అయితే 45 నిమిషాలు మాత్రమే వస్తుంది. ఒడ్డుకు చేరడానికే గంటన్నర పట్టే చోట అది ఏ మూలకూ చాలదు. ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే వాయువును వదిలే డిమాండ్ వాల్వ్ ఉంటే వృథా తగ్గుతుంది. మాస్కు పెట్టేముందు దాని సంచి పూర్తిగా నిండాలి, పీల్చినప్పుడు అది ముడుచుకుపోకూడదు. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో వాల్వ్‌ను ముట్టుకోకూడదు. నూనె, గ్రీజు ఆక్సిజన్ తగిలితే భగ్గున మండే ప్రమాదం ఉంది. వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పాలి, దగ్గరలో ఎవరూ పొగ తాగకూడదు.

రీకంప్రెషన్ ఛాంబర్ (రోగిని అధిక పీడనంలో ఉంచి చికిత్స చేసే గది) ఎక్కడ ఉందో, అది ఇప్పుడు పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఛాంబర్ లేని ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లినా, డైవింగ్ ప్రమాదమని ముందే చెప్పాలి. రోగితోపాటు అతని డైవ్ కంప్యూటర్‌నూ (డైవ్ లోతు, సమయం నమోదు చేసే పరికరం), లోతు, నీటిలో గడిపిన సమయం, లక్షణాలు మొదలైన వేళ, ఆక్సిజన్ పెట్టిన వేళ రాసిన కాగితాన్నీ పంపండి. అతనితో కలిసి అదే డైవ్ చేసిన జోడీ డైవర్‌ను కూడా ఒంటరిగా వదలకుండా, 24 గంటలపాటు గమనిస్తూ ఉండండి.