మండీ మాటల్లోనే కోడ్ రాయడం ఎలా? కోయంబేడు లెక్కలతో డొమైన్ డ్రివెన్ డిజైన్

చెన్నై కోయంబేడులో ఒక టమాటా కమీషన్ మండీకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తూ మొదటి వారంలోనే తప్పు చేశాను. గుమాస్తా ‘పార్టీ’ అన్నప్పుడల్లా కస్టమర్ అనుకుని డేటాబేస్‌లో అందరికీ ఒకటే టేబుల్ (పట్టిక) కట్టేశాను. మదనపల్లె నుంచి సరుకు పంపే రైతూ పార్టీయే, తెల్లవారకముందే పెట్టెలు ఎత్తుకెళ్లే చిల్లర వ్యాపారీ పార్టీయే. ఒకరికి మండీ డబ్బివ్వాలి, ఇంకొకరు మండీకి కట్టాలి. నెల తిరిగేసరికి ఒక రైతు ఫోన్‌కి బాకీ కట్టమని మెసేజ్ వెళ్లింది. ‘సరుకూ నాదే, బాకీ కూడా నాదేనా?’ అని ఆయన అడిగిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇలాంటి తప్పులు పడకుండా ఆపే పద్ధతినే సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఎరిక్ ఎవాన్స్ 2003లో డొమైన్ డ్రివెన్ డిజైన్ పేరుతో వివరించారు. డొమైన్ అంటే మీ ప్రోగ్రాం ఎవరికోసమో వాళ్లు చేసే పని. ఆ పని తీరు, ఆ పనిలో వాడే మాటలు కోడ్‌లో ఉన్నవి ఉన్నట్టు కనబడాలి.

1. ముందు మాటలు రాసుకోండి

లాప్‌టాప్ మూసేసి, పని జరిగే వేళకే వెళ్లండి. మండీకైతే రాత్రి పూట, లారీలు దిగేటప్పుడు. నేను మాట్లాడిన గుమాస్తా కొత్వాల్ చావడి రోజుల నుంచీ ఇదే పనిలో ఉన్నాడు, అంటే 1996లో మార్కెట్ కోయంబేడుకు మారక ముందు నుంచీ. ‘పార్టీ అంటే ఏ పార్టీ బాబాయ్?’ అని మొదటిరోజే అడిగి ఉంటే సరిపోయేది. తర్వాత అడిగితే, ‘పంపే పార్టీ వేరు, ఎత్తే పార్టీ వేరు నాయనా’ అన్నాడు.

ప్రతి మాట పక్కనా ఎవరంటారో, ఎప్పుడంటారో రాయండి. తరుగు, కూలీ, బాడుగ, పట్టీ. పట్టీ అంటే అమ్మిన డబ్బులో కమీషన్, బాడుగ, కూలీ తీసేసి రైతుకిచ్చే లెక్క చీటీ. పాత పట్టీల కట్ట ఒకటి అడిగి తెచ్చుకోండి. ప్రోగ్రాం లెక్క సరిగ్గా వస్తుందో లేదో చూసే టెస్టులు వాటికంటే మంచివి మీరు కూర్చుని కల్పించలేరు.

2. జరిగినవన్నీ గోడకు అంటించండి

సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆల్బెర్టో బ్రాండోలినీ ఈవెంట్ స్టార్మింగ్ అన్నది ఇదే. ఒక్కో ఘటనకు ఒక్కో నారింజ రంగు చీటీ, అదీ భూతకాలంలో. లోడు దిగింది. బేరం కుదిరింది. పెట్టెలు ఎత్తారు. పట్టీ రాశాం. డబ్బు ముట్టింది. చీటీల వరుస దగ్గర ఇద్దరు వాదించుకుంటే ఆపకండి, అక్కడ మీకు తెలియని నియమం ఏదో ఉంది.

3. మాట అర్థం మారిన చోట గీత గీయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ‘పార్టీ’ అర్థం మారిన చోటే హద్దు. బౌండెడ్ కాంటెక్స్ట్ అనేది దీన్నే. పట్టీల వైపు ‘రైతు’, వసూళ్ల వైపు ‘కొనుగోలుదారు’, రెండూ వేర్వేరు. ఒకే మనిషి రెండు వైపులా ఉంటే ఒక ఐడీతో కలపండి చాలు, టేబుల్ మాత్రం పంచుకోవద్దు.

హద్దు అనగానే మైక్రోసర్వీసులకు, అంటే ఒక్కో భాగాన్ని విడి ప్రోగ్రాంగా నడిపే పద్ధతికి, పరుగెత్తనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు ఉన్న టీముకు ఒకే ప్రోగ్రాంలో రెండు ఫోల్డర్లు చాలు. ఒక ఫోల్డర్‌లోని కోడ్ రెండోదాని డేటాబేస్‌ను నేరుగా తాకకూడదు, అంతే.

4. ఒట్టి అంకెల్ని నమ్మకండి

‘40’ అంటే ఏమిటి? కిలోలా, పెట్టెలా? కోలారు మార్కెట్లో టమాటా పెట్టె 15 కిలోలు, అన్ని ఊళ్లలోనూ పెట్టె అంతే ఉండదు. అందుకే అంకెనూ కొలతనూ కలిపి ఒకే వాల్యూ ఆబ్జెక్ట్‌గా చేయండి. డబ్బును పైసల్లో, పూర్ణాంకాల్లో దాచండి. ఫ్లోట్‌లో, అంటే కంప్యూటర్ దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే రకంలో, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. రైతు డబ్బు దగ్గర ఆ తేడా ఉండకూడదు.

5. నియమానికి ఒకటే ఇల్లు

దిగిన పెట్టెలు = అమ్మినవి + తరుగు + మిగిలినవి. ఈ లెక్క ఎప్పుడూ తప్పకూడదు. కాబట్టి పెట్టెల సంఖ్య మార్చే కోడ్ అంతా ‘లోడు’ లోపలే ఉండాలి, బయటి నుంచి ఎవరూ దాన్ని ముట్టకూడదు. అగ్రిగేట్ అంటే ఇదే. రైతు చేతికి వెళ్లిన పట్టీని దిద్దే బటన్ కూడా పెట్టకండి. గుమాస్తా కూడా పాత అంకె చెరపడు, సవరణ అని కింద ఇంకో పద్దు రాస్తాడు.

ఎలక్ట్రానిక్ కాటా, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లాంటివి కలపాల్సి వస్తే మధ్యలో అనువాదం చేసే చిన్న పొర పెట్టండి. వాటి పేర్లు మీ కోడ్‌లోకి రానివ్వకండి.

నియమాలేమీ లేని పనికి, అంటే గేటు దగ్గర లారీ నంబర్లు నమోదు చేసే జాబితా లాంటిదానికి, ఇదంతా అక్కర్లేదు. ఒక మామూలు ఫారం చాలు.

6. టెస్టులు చదివి వినిపించండి

టెస్టుల పేర్లను వాక్యాలుగా పెట్టి, పని తెలిసినవాళ్లకు చదవండి. ‘అమ్మిన పెట్టెలకే కూలీ’ అని నేను చదవగానే గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. ‘కుళ్లిన పెట్టెను కూడా మనిషే దించాడు కదా నాయనా. దిగిన ప్రతి పెట్టెకూ కూలీ ఉంటుంది.’ లోడు ఫైల్లో ఒక్క వరుస మార్చి, పాత పట్టీలన్నీ మళ్లీ నడిపించాను. అంతవరకూ కలవని మూడు పట్టీలూ పైసాతో సహా కలిశాయి.